సంతకం బాకీ

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు, నా దగ్గర కారు నేర్చుకున్న ఎవరినడిగినా చెప్తారు. క్లచ్ వదలమంటే బ్రేకు తొక్కేవాళ్లనీ, కుడి అంటే ఎడమకి తిప్పేవాళ్లనీ ఏళ్ల తరబడి పక్క సీట్లో కూర్చుని భరిస్తున్న మనిషికి ఓపిక లేదనడం అన్యాయం. ఉంది. కాకపోతే ఉన్నదంతా రోడ్డు మీదే ఖర్చయిపోతుంది, ఇంటికి తెచ్చుకోవడానికి అడుగూ బొడుగూ కూడా మిగలదు.

అలాంటి నేను ఆ నెలంతా పొద్దున్న లేస్తూనే మా ఆయన్ని ఒకే ప్రశ్న అడిగాను. రిటర్న్ ఏమైందండీ అని. ఆయన టీ కప్పులోకి చూస్తూ ఒకే జవాబు చెప్పారు. పెండింగ్ అని.

ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ గురించి ఇంత గోలెందుకంటారా? మేం ఒక పాపని పెంచుకోబోతున్నాం. దానికి దత్తత కమిటీ వాళ్లడిగిన కాగితాలు ఒకటా రెండా. డాక్టరు సర్టిఫికెట్, పోలీసుల సర్టిఫికెట్, వంటింటి ఫొటోలు, బాత్రూం ఫొటోలు, చివరికి ఇరుగుపొరుగు వాళ్ల చేత మా గురించి నాలుగు మంచి మాటలు. మా కింది వాటా ఆవిడ మా ఆయన గురించి పేజీ నిండా రాసి, నా దగ్గరికొచ్చేసరికి "మనసు మంచిది" అని ఆపేసింది. అవన్నీ ఇచ్చేశాం. ఇక మిగిలింది ఒక్కటే, ఇద్దరి రిటర్న్‌లూ వెరిఫై అయినట్టు రసీదులు. నాది ఎప్పుడో వచ్చేసింది. ఆయనది రాలేదు.

పాపకి ఆరేళ్లు. తనుండే అనాథ పిల్లల హోమ్‌లో అందరూ పిచిక అంటారు, ఏం పెట్టినా పొడుచుకు తిన్నట్టు ఒక్కో ముక్కే తింటుందని. మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను పైనుంచి కిందదాకా చూసి, కారు నడిపేది మీరేనా, మరి ఆయన ఏం చేస్తారు అని అడిగింది. కట్టుడు పళ్లు చేస్తారని చెప్పాను. తన నోట్లో ఊడిన పన్ను చోటు చూపించి, దీనికి కూడా చేస్తారా అంది. నేను నవ్వుతుంటే మా ఆయన మాత్రం వంగి, సీరియస్‌గా ఆ ఖాళీని చూసి, దానికి అక్కర్లేదు, అదే వస్తుంది అన్నారు. ఆ రోజే నా మనసు ఆ పిల్ల దగ్గర ఉండిపోయింది. ఇంటికొచ్చి చిన్న గది ఖాళీ చేయించాను, మంచం కొన్నాను, స్కూల్లో సీటు గురించి అడిగొచ్చాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస అని మా తోడికోడలు వేళాకోళం చేసింది. చేస్తే చేసింది.

మా ఆయన గురించి చెప్పాలంటే ఒక్క ముక్క చాలు. నా నోట్లో నువ్వు గింజ నానదు, ఆయన నోట్లోంచి నువ్వు గింజ బయటికి రాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరివో నోళ్ల అచ్చులు ముందేసుకుని, మైనం కరిగించి పళ్లు పేరుస్తుంటారు. ఆయన చేసిన పళ్లతో ఊరంతా కబుర్లు చెప్పుకుంటుంది. ఆయన మాత్రం అవును, కాదు, చూద్దాం అన్న మూడు మాటలతో సంసారం నెట్టుకొచ్చారు. మిగతా మాటలన్నీ నేనే మాట్లాడాను. కమిటీ వాళ్లు ఇంటికొచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగినప్పుడు కూడా అంతే. ఆయన నోరు తెరిచేలోపు జవాబు నా నోట్లోంచి వచ్చేసేది.

ఇక ఈ టాక్స్ వ్యవహారమంతా మా బావగారి చేతుల్లో ఉంటుంది. మా ఆయనకి అన్నగారు, కలప డిపోలో అకౌంట్లు చూస్తారు. ఏటా ఒక ఆదివారం కుటుంబమంతా కవర్లు పట్టుకుని ఆయన ముందు గదిలో చేరతాం. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఒక్కొక్కళ్లనీ పిలిచి రిటర్న్ నింపుతారు. పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టుంటుంది మాకు. ఇదివరకైతే అందరి అకౌంట్లకీ ఆయన ఫోన్ నంబరే ఉండేది. ఎవరి ఓటీపీ వచ్చినా ఆయనకే వచ్చేది, ఆయనే కొట్టేవారు, మాకు సంతకం పెట్టే శ్రమ కూడా ఉండేది కాదు. ఈ ఏడు ఆయన కూతురు, ఇదేం పద్ధతి నాన్నా, ఎవరి అకౌంట్లో వాళ్ల నంబరే ఉండాలని పోట్లాడి అందరివీ మార్పించింది. మర్నాడు నా ఓటీపీ నా ఫోన్‌కి వచ్చింది. అప్పుడు నేను ఒక బ్యాంకు మేనేజరు గారికి రివర్స్ నేర్పిస్తున్నాను. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని అంకెలు బావగారికి ఫోన్లో చదివాను. మేనేజరు గారు బెదిరిపోయి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదండీ అన్నారు. మీరు ముందు అద్దంలో చూడండి అన్నాను.

నాది అలా అయిపోయింది. మా ఆయనది ఎందుకు కాలేదో ఆయనే చెప్పేవారు. మొదట్లో సర్వర్ మీద లోడు ఎక్కువుందట, అన్నయ్య అన్నాడు అన్నారు. సరే అనుకున్నాను. తర్వాత వారం, ఆయన పనిచేసే పళ్ల ల్యాబ్ వాళ్లు జీతంలో కోసిన పన్ను లెక్క ఇంకా పైకి పంపలేదట, అది వస్తేగానీ ఇది కదలదు అన్నారు. ల్యాబ్ యజమానిని నిలదీద్దామని బయల్దేరాను. వద్దు, పంపేశారట, ఇప్పుడే అన్నయ్య చెప్పాడు అన్నారు. ఆ తర్వాత వారం బ్యాంకు అకౌంట్లో పేరుకీ పాన్ కార్డులో పేరుకీ తేడా ఉండచ్చట. పాస్‌బుక్, కార్డు పక్కపక్కన పెట్టి చూశాను. పొల్లు కూడా తేడా లేదు. ఈలోపు నాకు నిద్ర పోయింది, తిండి పోయింది. ట్రైనింగ్ కారులో ఒక కాలేజీ అమ్మాయి మీద అరిస్తే ఆ పిల్ల నడిరోడ్డులో కారాపి ఏడ్చింది. నేనూ దానితో పాటు ఏడిచాను. వెనక బస్సువాడు హారన్ కొట్టడం కూడా మానేశాడు.

ఆ మధ్యాహ్నమే హోమ్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. హోమ్ నడిపే ఆవిడని పిల్లలంతా పెద్దమ్మ అనే పిలుస్తారు, మాకూ అదే అలవాటైంది. మంచి మనిషి, కానీ రూలంటే రూలే. రేపు పొద్దున్నే కమిటీ కూర్చుంటుంది, ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోపు మీ ఫైలు పూర్తి కావాలి, లేకపోతే పిచిక పేరు మీ తర్వాత వరసలో ఉన్న వాళ్లకి వెళ్తుంది అంది. వాళ్ల కాగితాలన్నీ ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయట. తను చేయగలిగింది ఏమీ లేదంది. గొంతులో బాధ తెలుస్తూనే ఉంది.

కారు పక్కకి తీసి, టాక్స్ వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ కొట్టాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మీ కాల్ మాకెంతో ముఖ్యం అంటూ ఒకటే పాట. పాట నాకు కంఠతా వచ్చేదాకా వాయించి, చివరికి ఒకమ్మాయి ఎత్తింది. మా ఆయన వివరాలు నాకు చెప్పడం కుదరదంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదేనమ్మా అని నేను మొదలుపెడితే, పాపం ఆ అమ్మాయి కోప్పడలేదు. మీ దగ్గర రసీదు నంబరుంటే వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు మేడమ్ అని దారి చెప్పింది. ఆ నంబరు ఫైల్ చేసిన కాగితం మీద ఉంది, కాగితం నా బ్యాగులోనే ఉంది. ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, నంబరు కొట్టి చూశాను. పెండింగ్ అనే ఉంది, చూశారా అన్నాను. పూర్తిగా చదవండి మేడమ్ అంది.

"ఫైల్ అయింది. వెరిఫికేషన్ పెండింగ్."

రెండూ ఒకటి కాదని ఆ అమ్మాయి చెప్పింది. ప్రాసెసింగ్ పెండింగ్ అని ఉంటే కాగితం మా దగ్గరుందని అర్థం, లెక్కలు సరిచూస్తున్నామని, పేరు తేడానో పన్ను లెక్క తేడానో ఉంటే అప్పుడు ఆగుతుందని అంది. వెరిఫికేషన్ పెండింగ్ అంటే అసలు మాకు చేరనే లేదు, ఉత్తరం రాసి సంతకం పెట్టకుండా ఇంట్లో ఉంచుకున్నట్టు. గడువులోగా సంతకం పడకపోతే అసలు ఫైల్ చేయనట్టే లెక్క. ఓటీపీ ఒక్కటి కొడితే చాలు, రసీదు వెంటనే వచ్చేస్తుంది, మిగతాదంతా తర్వాత మేం చూసుకుంటాం. అంతే మేడమ్, ఇంకేమైనా సహాయం కావాలా అంది. ఏమీ వద్దన్నాను.

అంటే సర్వర్ లేదు, లోడు లేదు, పేరు తేడా లేదు. ఎవరో ఆరంకెలు కొట్టలేదు, అంతే. మా ఆయన అంకెలు చదివినా కొట్టనిది మా బావగారే అనుకున్నాను. ఎందుకనుకోను? పరాయి పిల్లని ఇంట్లో పెట్టుకోవడమేంటని మొదట్లో నసిగింది ఆయనే. ఇన్నాళ్లూ నవ్వుతూ టీ ఇచ్చి, లోపల ఇంత చేశాడా ఈ పెద్దమనిషి అనుకున్నాను. ఆ కోపంతోనే కారు తిప్పాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లెవరైనా ఆ తిప్పడం చూసుంటే ఫీజు వాపసు అడిగేవాళ్లు.

కలప డిపోలో రంపం మోతకి పక్క మనిషి మాట వినపడదు. గాలంతా పొట్టే. ఆ మోత మధ్యలో, అద్దాల గదిలో బావగారు కూర్చుని ఉన్నారు. వెళ్లడం వెళ్లడమే కడిగేశాను. మీకిష్టం లేకపోతే మొహమ్మీద చెప్పచ్చుగా అన్నాను. వెనక గోతులు తవ్వడమెందుకన్నాను. పెద్దవారని చూడకుండా ఇంకా చాలానే అన్నాను. ఆయన అడ్డు రాలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కళ్లజోడు తీసి, పంచె అంచుకో దేనికో తుడుచుకుందామని వెతికి, ప్యాంటు వేసుకున్న సంగతి గుర్తొచ్చి మళ్లీ పెట్టుకున్నారు.

"నీది నువ్వు చదివావు, నేను కొట్టాను," అన్నారు. "వాడిది వాడు చదవలేదమ్మా. ఫోన్ చేస్తే నేనే కొట్టుకుంటాలే అన్నయ్యా అన్నాడు. నంబరు వాడి ఫోన్‌దేగా ఇప్పుడు."

సర్వర్ మీద లోడని మీరు చెప్పలేదా అని అడిగాను. లేదన్నారు. పేరు తేడా అని? లేదన్నారు. ల్యాబ్ లెక్క గురించి? ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. నాలుగో ప్రశ్న నేనడగలేదు. నాకూ అర్థమైంది, ఆయనకీ అర్థమైంది. క్షమించండి బావగారూ అంటే, ముందు వాడి దగ్గరికెళ్లు, మెల్లిగా మాట్లాడు అన్నారు. అయినా మెల్లిగా అన్నది నీకు కుదిరే పనేనా అని గొణుక్కున్నారు. ఆ మాటకి నాకు కోపం రాలేదు. అంతలా భయపడ్డాను.

ఆయన పనిచేసే ల్యాబ్ రెండో అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కుతూ ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన నాకు అబద్ధం చెప్పింది లేదు. చెప్పడం రాదనుకున్నాను. నెల రోజులు రోజుకొకటి అల్లి, నా కళ్లముందే టీ తాగిన మనిషి ఎవరో నాకు తెలియదనిపించింది. ఆ పిల్ల రేపు ఇంకొకరి ఇంటికి పోతుందన్న భయం ఒకపక్క, ఇన్నాళ్లూ ఎవరితో కాపురం చేశానన్న భయం ఇంకోపక్క. రెండిట్లో ఏది పెద్దదంటే చెప్పలేను.

మిగతావాళ్లు టీకి వెళ్లినట్టున్నారు, గదిలో ఆయనొక్కరే ఉన్నారు. బల్ల నిండా తెల్లటి అచ్చులు, పళ్లు లేని దవడలు. సన్నటి మంట మీద కత్తి మొన వేడి చేసి చిగుళ్ల దగ్గర మైనం సరిచేస్తున్నారు. నన్ను చూసి మంట తగ్గించారు. నేను పేర్చుకొచ్చిన మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

"ఓటీపీ ఎందుకు కొట్టలేదండీ?" అన్నాను.

ఆయన తేలు కుట్టిన దొంగలా కత్తి మొన కేసి చూస్తూ ఉండిపోయారు. మామూలుగా అయితే ఆ జవాబు నేనే చెప్పేసేదాన్ని. మీకు ఇష్టం లేదు, మీ అన్నయ్య ఎక్కించాడు, మీరెప్పుడూ ఇంతే అని మూడు జవాబులు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. అయినా పళ్ల బిగువున ఆగాను. అంతసేపు నోరు మూసుకు కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. కత్తి మొన మీది మైనం కరిగి బల్ల మీద చుక్క పడింది. ఆయన దాన్ని గోటితో గీకుతూ చెప్పడం మొదలుపెట్టారు.

పోయినసారి, అంటే నెల కిందట, హోమ్‌కి వెళ్లినప్పుడు నేను ఆఫీసులో పెద్దమ్మతో మాట్లాడుతున్నానట. ఆయనా పిచికా జారుడు బల్ల దగ్గర ఉన్నారట. కిందికి జారి వచ్చి, లేస్తూ లేస్తూ ఆయన వేలు పట్టుకుని "నాన్నా, ఇంకోసారి" అందట. ఆయన చెయ్యి లాగేసుకున్నారట.

"ఎందుకు లాక్కున్నానో నాకే తెలీదు," అన్నారు. "కాలితే లాక్కుంటాం చూడు, అలా. అది చూసింది. ఏమీ అనలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకుంది. మనం వచ్చేసేదాకా బయటికి తియ్యలేదు."

ఆ రాత్రి నుంచి ఓటీపీ వస్తోంది, పోతోందట. కొట్టబోయినప్పుడల్లా ఆ జేబులు కళ్లముందుకొస్తాయట. నాన్నా అని పిలిస్తే చెయ్యి లాక్కున్న మనిషి ఇంటికి ఆ పిల్లని తెచ్చి పడెయ్యడానికి తను సంతకం ఎలా పెట్టేది అన్నారు. పోనీ నాతో చెప్పచ్చుగా అన్నాను. నువ్వు మంచం కూడా కొనేశావు కదా అన్నారు. అంతకంటే నన్ను ఏమీ అనలేదు. అది చాలు, నేను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను.

ఆయన ఫోన్ తీసి, సైటు తెరిచి, కొత్త ఓటీపీ అడిగి, అది టింగుమని రాగానే ఫోన్ నా చేతిలో పెట్టారు. "నువ్వే కొట్టెయ్యి. నీ ఆశ నా వల్ల పోకూడదు," అన్నారు.

దేవుడా, ఆ ఆరంకెలు నా కళ్లముందున్నాయి. కొడితే రసీదు వస్తుంది, ఫైలు పూర్తవుతుంది, పిచిక మా ఇంటికొస్తుంది. నా బొటనవేలు నా మాట వినకుండా మొదటి అంకె నొక్కేసింది కూడా. గడిలో ఆ ఒక్క అంకె కనపడుతోంది. పైన చిన్న అక్షరాలతో ఏదో రాసుంది. ఇదంతా నేనే, నాకు తెలిసి, ఇష్టపూర్వకంగా ధృవీకరిస్తున్నాను అని. అంత కోపిష్టిదాన్ని, అంత తొందరమనిషిని, అది చదివాక రెండో అంకె నొక్కలేకపోయాను. ఫోన్ ఆయన బల్ల మీద, ఆ దవడల మధ్య పెట్టేశాను. మీ సంతకం నేను పెట్టనన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. గడువైపోయి ఓటీపీ దానంతటదే చెల్లకుండా పోయింది. ఇద్దరం చూస్తూ ఊరుకున్నాం.

అప్పుడు ఆయనే లేచి మంట ఆర్పేశారు. చేతులు కడుక్కున్నారు. ఒకసారి దాన్ని చూసొద్దాం పద అన్నారు. చూసొచ్చి ఏం చేస్తారని అడగాలనిపించింది. అడగలేదు.

దారంతా ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంది. హోమ్‌కి చేరేసరికి ఎండ తగ్గిపోయి, ఆఫీసు గదిలో లైటు వెలిగింది. ఇవాళ చూడడానికి వచ్చే రోజు కాదని పెద్దమ్మ మొహం చిట్లించింది. తర్వాత మా ఇద్దరి మొహాలూ చూసి, కొద్దిసేపే, నేను తాళాలు వేసేలోపు అంది. రసీదు తెచ్చారా అని అడిగితే నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే మెట్ల దగ్గరికి వెళ్లిపోయారు. పిచిక అక్కడ కూర్చుని బూటు లేసు కట్టుకోవడానికి అవస్థ పడుతోంది. ఆయన్ని చూడగానే లేసు వదిలేసి చేతులు గౌను జేబుల్లోకి దోపేసుకుంది. అది చూశాక, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలిసింది.

ఆయన ఒక మెట్టు కిందగా కూర్చున్నారు. నేను కుళాయి దగ్గర ఆగిపోయాను. మాటలు వినపడేంత దూరమే.

ఎందుకొచ్చారని పిచిక అడిగింది. ఒక సంతకం పెట్టాల్సి ఉందని ఆయన చెప్పారు. పెట్టండి మరి అంది. పెడితే నువ్వు మా ఇంటికి రావాల్సి ఉంటుంది అన్నారు. తెలుసు, పెద్దమ్మ చెప్పింది అని కాసేపు ఊడిన లేసుని చూస్తూ కూర్చుంది.

"నన్నెవరూ అడగలేదు," అంది.

"నేనడుగుతున్నా. వస్తావా?"

అది ఆయన మొహంలోకి చూసింది. "ఆ రోజు చెయ్యెందుకు లాక్కున్నారు?" అంది.

ఏదో ఒకటి చెప్పండి, వేలికి దెబ్బ తగిలిందనో, మైనం అంటుకుందనో అని నేను లోపల్లోపల అందిస్తూనే ఉన్నాను. ఆయనకి అబద్ధాలు వచ్చని ఇప్పుడు తెలుసుగా నాకు.

"భయమేసింది," అన్నారాయన.

"నేనంటేనా?"

"నువ్వంటే కాదు. నువ్వు పిలిచిన పిలుపుకి. దానికి నేను సరిపోతానో లేదో అని."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడూ భయంగానే ఉంది."

పిచిక ఆలోచించింది. ఏం పెట్టినా ఒక్కో ముక్కే తినే పిల్ల, ఆ మాటని కూడా అలాగే తింది. ఆఫీసు గది కిటికీలోంచి పెద్దమ్మ తాళం చెవుల గుత్తి తీయడం నాకు కనపడింది. నేను కుళాయి గట్టిగా పట్టుకున్నాను.

"నాక్కూడా," అంది చివరికి. "మీ ఇంట్లో ఎవరూ తెలీదుగా నాకు. ఆవిడేమో గట్టిగా మాట్లాడుతుంది."

ఆవిడ అలాగే మాట్లాడుతుంది, మెల్లిగా అలవాటవుతుంది, నాకూ చాలా రోజులు పట్టింది అన్నారు మా ఆయన. పిల్ల కిసుక్కుమంది. ఊడిన పన్ను చోట కొత్తది తెల్లగా కొంచెం కనపడుతోంది. సరే పెట్టండి సంతకం, కలమేది అంది. కలం కాదు, ఇందులో అంకెలొస్తాయి, అవి కొట్టాలని ఆయన ఫోన్ తీశారు. అంకెలైతే నేను చదువుతాను, స్కూల్లో నేర్పించారని చెప్పింది. చదివింది కూడా. ఆయన ఒక్కొక్కటే కొట్టారు. తప్పు ఓటీపీ అని ఎర్రగా వచ్చింది. ఆరుని తొమ్మిది అని చదివిందట. పిల్ల మొహం వాడిపోయింది. ఆయన తొందరపడలేదు. ఫర్లేదు, ఇంకోటి పంపమందాం, ఎన్నైనా పంపుతారు అన్నారు. పెద్దమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. నేను ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనలేదు.

రెండోసారి పిల్ల ఒక్కో అంకె మీదా కళ్లు దగ్గరగా పెట్టి, ఊపిరి బిగబట్టి చదివింది. ఆకుపచ్చగా టిక్కు పడింది. రసీదు వచ్చింది. ఆయన దాన్ని పెద్దమ్మకి పంపారు. లోపల ప్రింటరు గరగరమని కదిలి, కాగితం బయటికి తోసింది. పెద్దమ్మ దాన్ని మా ఫైల్లో పెట్టి దారం కట్టి, పూర్తయిందమ్మా అంది నాతో. రేపు కమిటీ ఏమంటుందో అని నేనడిగితే, కాగితాలన్నీ ఉంటే కాదనేదేముంది అని నా భుజం తట్టింది. అప్పుడు తిరిగి చూశాను.

వాళ్లిద్దరూ ఇంకా మెట్ల మీదే ఉన్నారు. మా ఆయన పిచిక బూటు లేసు ముడేసి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా, అరచెయ్యి పైకి తిప్పి ఇద్దరి మధ్యా మెట్టు మీద పెట్టారు. పిచిక ఆ చేతిని చూసింది. జేబుల్లో వేళ్లు కదలడం బట్ట మీంచే తెలుస్తోంది.

"తర్వాత," అంది.

"సరే," అన్నారాయన. చెయ్యి మాత్రం తియ్యలేదు.